చిన్న డేటాకు ఏ పెనాల్టీ తగును?
వైద్య గణాంకాలు – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి: రోగులు కొద్దిమందే ఉన్నప్పుడు, ముప్పును లెక్కకట్టే మోడల్‌లోని గుణకాలు (ఒక్కో అంశం ప్రభావాన్ని చూపే అంకెలు) హద్దు దాటకుండా వేసే పెనాల్టీ. కనుక వాటిని ఒకచోట చేర్చాము. మొదటి ఉత్తరానికి ఎక్కువ స్థలం పట్టింది.

ప్రశ్న: పాముకాటుతో మా ఆసుపత్రిలో చేరినవారిలో ఎవరికి డయాలసిస్ అవసరమవుతుందన్నది నా ఎం.డి. థీసిస్ అంశం. ములుగు, భూపాలపల్లి, నర్సంపేట, మహబూబాబాద్ వైపుల నుంచి వచ్చిన 90 మంది వివరాలు సేకరించాను. వారిలో 22 మందికి డయాలసిస్ చేయవలసి వచ్చింది. వయసు, కాటు పడ్డాక ఆసుపత్రికి చేరడానికి పట్టిన సమయం, కాలికి కట్టు కట్టారా లేదా, నాటువైద్యం, వాపు, ఇరవై నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష, ప్లేట్‌లెట్లు, చేరినప్పటి యూరియా, క్రియాటినిన్, మొత్తం ఎక్కించిన విరుగుడు మందు వయల్స్ మొదలైన 14 అంశాలు నమోదు చేశాను. 14 అంశాలతో కట్టిన మోడల్ కై స్క్వేర్ (అంశాలన్నీ కలిసి డేటాను ఎంత వివరించాయో చూపే కొలత) 24 వచ్చింది. గంటలోపే వచ్చిన 11 మందిలో ఒక్కరికి కూడా డయాలసిస్ పడలేదు, అయినా ఆ అంశానికి పీ విలువ 0.998 అని చూపిస్తోంది. లాసో వాడమని ఒకరు, రిడ్జ్ అని ఒకరు, ఫర్త్ పద్ధతి అని ఇంకొకరు చెబుతున్నారు. 63 మందితో మోడల్ కట్టి, మిగిలిన 27 మందిపై పరీక్షించమని మా గైడ్ గారి సలహా. ఏది సరైనది?
– పీజీ వైద్యురాలు, హన్మకొండ

జవాబు: డాక్టరు గారూ, మీ ఉత్తరంలో మూడు పెనాల్టీ పద్ధతుల పేర్లున్నాయి గాని, వాటిలో ఏది తగునో తేల్చే సంగతి మాత్రం లేదు. ఈ లెక్కతో మీరు ఏం చేయదలిచారు? ఆలస్యంగా రావడం వల్ల డయాలసిస్ ముప్పు ఎంత పెరుగుతుందో చెప్పదలిచారా, లేక రేపు క్యాజువాలిటీకి వచ్చే రోగికి ఆ ముప్పు ఎంత శాతమో అంచనా కట్టదలిచారా? మొదటిదే మీ ఉద్దేశమైతే ఒక్క గుణకమూ, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (నిజమైన విలువ ఉండగల పరిధి) ముఖ్యమవుతాయి. రెండోదైతే ఏ గుణకమూ విడిగా ముఖ్యం కాదు, అన్నీ కలిసి ఇచ్చే శాతం ఎంతవరకు నమ్మదగినదన్నదే ముఖ్యం. ఈ రెండింటికీ తగిన పెనాల్టీలు వేరు.

ముందు ఆ 0.998 సంగతి చూద్దాం. గంటలోపు వచ్చినవారిలో డయాలసిస్ సున్నా కనుక, ఆ గుణకం ఎంత కిందికి పోతే మోడల్ డేటాకు అంత బాగా సరిపోతుంది. దానికి ఆగే చోటు లేదు. సాఫ్ట్‌వేర్ కొన్ని విడతలు తిరిగి, విసిగినట్టుగా, −20 దగ్గరో మరెక్కడో ఆగి అదే జవాబని అచ్చు వేస్తుంది. పక్కన ఉన్న స్టాండర్డ్ ఎర్రర్ (ఆ అంచనాలోని అనిశ్చితి) వేలల్లో ఉంటుంది. గుణకాన్ని ఆ వేలతో భాగిస్తే దాదాపు సున్నా వస్తుంది కాబట్టి పీ విలువ ఒకటికి చేరువవుతుంది. అంటే మీ డేటాలో అందరికంటే గట్టిగా మాట్లాడుతున్న అంశమే పట్టికలో ఏ ప్రభావమూ లేనిదిగా కనిపిస్తోంది. గణాంకవేత్తలు దీన్ని సెపరేషన్ అంటారు. ఇలాంటి పట్టికను చూసి ‘త్వరగా రావడానికీ డయాలసిస్‌కూ సంబంధం లేదు’ అని రాసిన థీసిస్‌లు లేకపోలేదు. మీరు ఆ వాక్యం రాయకుండా ఆగి అడిగినందుకు సంతోషం.

డేవిడ్ ఫర్త్ 1993లో ప్రతిపాదించిన సవరణ ఇక్కడ సరిగ్గా పనికివస్తుంది. ఆయన దాన్ని చిన్న శాంపిళ్లలో గుణకాలు ఉండవలసినదానికంటే పెద్దవిగా వచ్చే దోషాన్ని తగ్గించడానికి రూపొందించారు. సెపరేషన్‌కు అదే మందని 2002లో గెయోర్గ్ హైన్సే, మిఖాయెల్ షెంపర్ చూపించారు. మీ డేటాలో ఈ ఒక్క అంశాన్నే తీసుకుంటే కాగితంపైనే లెక్క కట్టవచ్చు, ఎందుకంటే రెండు వరుసల, రెండు నిలువుల పట్టికలో ఫర్త్ పద్ధతి అంటే ప్రతి గడికీ అర చొప్పున కలపడమే. గంటలోపు వచ్చినవారిలో డయాలసిస్ 0.5, లేనివారు 11.5. తర్వాత వచ్చిన 79 మందిలో డయాలసిస్ 22.5, లేనివారు 57.5. ఆడ్స్ రేషియో, అంటే రెండు గుంపులలో డయాలసిస్ అయినవారికీ కానివారికీ ఉన్న నిష్పత్తుల పోలిక, సుమారు 0.11 వస్తుంది. దీనికి ఇంటర్వెల్ ఇచ్చేటప్పుడు మామూలు వాల్డ్ ఇంటర్వెల్ కాకుండా ప్రొఫైల్ లైక్లీహుడ్‌తో (ఒక్కో విలువ డేటాకు ఎంత సరిపోతుందో చూసి) కట్టినది ఇవ్వండి. సెపరేషన్ ఉన్నచోట రెండు వైపులా సమానంగా సాగే ఇంటర్వెల్ నిజాన్ని చూపదు. ఆర్ అనే గణాంక ప్రోగ్రామింగ్ భాషలోని లాజిస్ట్‌ఎఫ్ ప్యాకేజీ ప్రొఫైల్ ఇంటర్వెల్‌నే ఇస్తుంది.

అయితే ఫర్త్ పద్ధతికి ఒక పక్క ప్రభావం ఉంది. ముప్పు శాతాలను అది సగం వైపు, అంటే యాభై శాతం వైపు, కొద్దిగా లాగుతుంది. పై పట్టికలోనే చూడండి: గంటలోపు వచ్చినవారికి 12లో 0.5, తర్వాత వచ్చినవారికి 80లో 22.5 చొప్పున ముప్పు వేసి 90 మందికీ కూడితే దాదాపు 22.7 డయాలసిస్‌లు అవుతాయి, జరిగినవి 22. ఇక్కడ తేడా చిన్నదే. డయాలసిస్‌లు మరీ అరుదుగా ఉండి అంశాలు ఎక్కువైతే ఆ తేడా పెరుగుతుంది. అందుకే శాతాలు చెప్పవలసి వచ్చినప్పుడు, మిగతా గుణకాలను అలాగే ఉంచి ఇంటర్‌సెప్ట్‌ను (మోడల్ మొదలయ్యే స్థిర సంఖ్యను) మాత్రం మళ్ళీ లెక్కకట్టే ఫ్లిక్ అనే సవరణ 2017లో వచ్చింది. ఒక కారణానికి ఆడ్స్ రేషియో కావాలంటే ఫర్త్ చాలు. రోగికి శాతం చెప్పాలంటే ఫ్లిక్ అయినా వాడాలి, రిడ్జ్‌కైనా వెళ్ళాలి.

ఇప్పుడు రెండో ఉద్దేశానికి వద్దాం. మామూలు రిగ్రెషన్‌లో గుణకాలు తమ డేటాలోని యాదృచ్ఛికమైన ఎత్తుపల్లాలను కూడా నిజమనుకొని వాటి వెంట పరుగు తీస్తాయి. చేలో పడే గొడ్డు మెడకు గుదికర్ర కట్టినట్టు, పెనాల్టీ వాటిని మేయనిస్తుంది గాని దూకనివ్వదు. మీ మోడల్‌కు ఎంత బరువు కట్టాలో తెలుసుకోవడానికి వాన్ హౌవెలింగెన్, లె సెస్సీ 1990లో ఇచ్చిన సులువైన సూత్రం ఉంది: మోడల్ కై స్క్వేర్ నుంచి అంశాల సంఖ్యను తీసివేసి, మళ్ళీ కై స్క్వేర్‌తో భాగించాలి. మీకు 24 నుంచి 14 పోతే 10. దాన్ని 24తో భాగిస్తే 0.42. అంటే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ప్రతి గుణకాన్నీ సగానికి పైగా తగ్గిస్తే తప్ప, ఆ మోడల్ కొత్త రోగుల విషయంలో నిలబడదు. ఈ విలువ 0.9 దగ్గర ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 0.42 అంటే, నా దృష్టిలో, పెనాల్టీ గురించి ఆలోచించే ముందు ఆ 14 అంశాల జాబితాను మళ్ళీ చూడమని చెప్పడమే.

ఆ జాబితాలో వెంటనే తీసివేయవలసినది మొత్తం వయల్స్ సంఖ్య. రోగి చేరిన క్షణాన అది ఎవరికీ తెలియదు. విషం ఎక్కువగా పనిచేసినవారికే వయల్స్ ఎక్కువ పడతాయి కనుక అది ముప్పుకు కారణం కాదు, ముప్పు వెనకాల వచ్చేది. యూరియా, క్రియాటినిన్ రెండూ దాదాపు ఒకే మాట చెబుతాయి, ఒకటి చాలు. కట్టు, నాటువైద్యం అనేవి ఆలస్యంతో ముడిపడి ఉంటాయి. వాటిని విడిగా ఉంచవలసిన వైద్యపరమైన కారణం ఉందో లేదో మీరూ మీ గైడ్ గారూ డేటా వైపు చూడకుండా నిర్ణయించండి. ఒక్కొక్క అంశాన్నీ విడివిడిగా పరీక్షించి పీ విలువ 0.2 కంటే తక్కువ వచ్చినవాటినే మోడల్‌లో పెట్టే అలవాటు మన కాలేజీలలో బాగా పాతుకుపోయింది, కాని చిన్న డేటాలో అది అదృష్టాన్ని ఎంపిక చేయడమే అవుతుంది. రక్తపింజర కాటుకు మూత్రపిండాలు దెబ్బతింటాయనీ, కట్లపాము విషం ప్రధానంగా నరాలపై పనిచేస్తుందనీ వైద్యశాస్త్రానికి ముందే తెలుసు. ఏ పాము కరిచిందో, లేదా లక్షణాలను బట్టి అది రక్తంపై పనిచేసే విషమో నరాలపై పనిచేసే విషమో మీ 14లో ఉందా? మీరు రాసిన పేర్లలో కనిపించలేదు. లేకపోతే కేసు షీట్లు మళ్ళీ తీయండి.

ఇలా నాలుగైదు అంశాలకు దిగాక రిడ్జ్ వాడమని నా సలహా. ఆర్థర్ హోర్ల్, రాబర్ట్ కెన్నార్డ్ 1970లో పరిచయం చేసిన ఈ పద్ధతి గుణకాల వర్గాల మొత్తంపై పెనాల్టీ వేస్తుంది కనుక ఏ అంశాన్నీ బయటికి నెట్టదు, అన్నింటినీ కొంత కొంత తగ్గిస్తుంది, కలిసి నడిచే అంశాల మధ్య బరువును పంచుతుంది. సెపరేషన్ ఉన్నా గుణకం హద్దులో ఉంటుంది. మీరు వైద్యజ్ఞానంతో ముందే ఎంచుకున్న అంశాలు కాబట్టి, వాటిలో మళ్ళీ కొన్నింటిని తీసేసే పని యంత్రానికి అప్పగించనవసరం లేదు. గుణకాలను కావాలనే తగ్గించడం తప్పు కాదా అని వైవా పరీక్షలో ఎవరైనా అడిగితే, అంచనాల అస్థిరతకు మన సి.ఆర్. రావు గారు 1945లో చూపిన కనిష్ఠ హద్దు పక్షపాతం లేని అంచనాలకు వర్తిస్తుందనీ, కొద్దిపాటి పక్షపాతానికి ఒప్పుకుంటే మొత్తం దోషం ఆ హద్దుకన్నా కిందికి కూడా దిగగలదనీ చెప్పండి.

పెనాల్టీ బరువును, అంటే లాంబ్డాను, క్రాస్ వాలిడేషన్‌తో (డేటాను భాగాలు చేసి, ఒక్కోదాన్ని పక్కన పెట్టి, మిగతావాటితో కట్టిన మోడల్‌ను దానిపై పరీక్షించి) ఎంచుకుంటారు. 22 డయాలసిస్‌లను పది భాగాలు చేస్తే ఒక్కో భాగంలో రెండో మూడో పడతాయి. ఆ భాగాలు మారితే లాంబ్డా కూడా మారిపోతుంది. అందుచేత ఒక్కసారి నడిపి వచ్చినదాన్ని పట్టుకోకుండా, ప్రతి భాగంలోనూ డయాలసిస్‌ల నిష్పత్తి సమానంగా ఉండేలా విడదీసి, వేర్వేరు విభజనలతో చాలాసార్లు చేసి వాటి సగటు దోషాన్ని బట్టి ఎంచుకోండి. కొలమానంగా ఏయూసీ కాకుండా డీవియన్స్ (అంచనా శాతాలు జరిగినదానికి ఎంత దూరమో చూపే కొలత) తీసుకోండి, ఎందుకంటే రోగులను వరుసలో సరిగ్గా నిలబెడితే చాలు ఏయూసీ తృప్తి పడుతుంది, శాతాలు తప్పినా దానికి పట్టదు.

ఇక 63, 27 విభజన వద్దు. గైడ్ గారికి గౌరవంగానే చెప్పండి: 27 మందిలో డయాలసిస్‌లు ఆరో ఏడో ఉంటాయి, ఆరేడు సంఘటనలతో మోడల్ మంచిదో చెడ్డదో ఎవరూ చెప్పలేరు, పైగా మోడల్ కట్టడానికి ఉన్న కొద్దిపాటి డేటాలో దాదాపు మూడో వంతు పోతుంది. 90 మందినీ మోడల్‌కు వాడి, బూట్‌స్ట్రాప్‌తో (అదే 90 మంది నుంచి యాదృచ్ఛికంగా మళ్ళీ మళ్ళీ శాంపిళ్లు తీసి) పరీక్షించండి. ప్రతి బూట్‌స్ట్రాప్ శాంపిల్‌లోనూ లాంబ్డా ఎంపికతో సహా మొత్తం పని మళ్ళీ మొదటి నుంచి జరగాలి. లాంబ్డాను ముందే తేల్చి, మిగతాది మాత్రమే తిప్పితే మోడల్ ఉన్నదానికంటే మంచిదిగా కనిపిస్తుంది.

ఏ పెనాల్టీ కూడా సరిచేయలేని ఒక విషయం ఉంది. భూపాలపల్లి, ములుగు నుంచి మీ దగ్గరికి వచ్చేవారిలో చాలామంది అక్కడి ఆసుపత్రి నుంచి రిఫర్ అయి వస్తారు. అప్పటికే మూత్రం తగ్గినవారినే ఎక్కువగా పంపిస్తారు. అప్పుడు ‘ఆలస్యం’ అనే అంశంలో దూరం, రోగం ముదరడం, రిఫరల్ మూడూ కలిసి ఉంటాయి. నేరుగా వచ్చారా, రిఫర్ అయి వచ్చారా అనేది ప్రత్యేక అంశంగా నమోదు చేసి, చర్చ అధ్యాయంలో ఈ సంగతి దాచకుండా రాయండి.

ప్రశ్న: మా విద్యార్థి ప్రాజెక్టులో 70 మంది రోగుల డేటాపై లాసో నడిపితే ఒకసారి నాలుగు అంశాలు, సీడ్ (యాదృచ్ఛిక విభజనకు ఇచ్చే మొదటి అంకె) మార్చితే రెండు, మళ్ళీ మార్చితే ఆరు వస్తున్నాయి. యూరియా వచ్చినప్పుడు క్రియాటినిన్ రావడం లేదు, అది వచ్చినప్పుడు ఇది రావడం లేదు. దేన్ని నమ్మాలి? ఎలాస్టిక్ నెట్ దీనికి పరిష్కారమా? లాసో ఎంచినవాటిని మామూలు లాజిస్టిక్‌లో పెట్టి పీ విలువలు ఇవ్వవచ్చా?
– స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు, కరీంనగర్

జవాబు: దేన్నీ నమ్మనక్కరలేదు, ఆ మార్పే మీ ఫలితం. రాబర్ట్ టిబ్షిరానీ 1996లో ఇచ్చిన లాసో, గుణకాల పరమ మూల్యాల మొత్తంపై పెనాల్టీ వేస్తుంది కనుక కొన్ని గుణకాలను సరిగ్గా సున్నా చేస్తుంది. వందల కొద్దీ జన్యువులను కొలిచి, వాటిలో కొన్నే పనిచేస్తాయని నమ్మడానికి ఆధారం ఉన్నచోట ఈ గుణం వరమే. పది అంశాలు, 70 మంది ఉన్నచోట, ప్రతి అంశానికీ కొద్దో గొప్పో ప్రభావం ఉండే వైద్య విషయాలలో, అదే గుణం చిక్కు తెస్తుంది. యూరియా, క్రియాటినిన్ కవలల్లా కలిసి పెరుగుతున్నప్పుడు లాసో ఒకదాన్ని పట్టుకొని రెండోదాన్ని వదిలేస్తుంది. ఏది పట్టుకుంటుందన్నది ఇద్దరు ముగ్గురు రోగుల విలువల మీద ఆధారపడి ఉంటుంది. అయినా ‘లాసో ద్వారా క్రియాటినిన్ స్వతంత్ర కారకంగా గుర్తించబడింది’ అనే వాక్యం వ్యాసాలలో ధైర్యంగా కనిపిస్తూనే ఉంటుంది.

మీ విద్యార్థితో 500 బూట్‌స్ట్రాప్ శాంపిళ్లపై లాసో నడిపించి, ఒక్కొక్క అంశం ఎన్నిసార్లు ఎంపికైందో పట్టికగా వేయించండి. అప్పుడు ఎంపిక ఎంత అస్థిరమో పాఠకుడికి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. కాని ఆ పట్టికలో పైనున్న మూడింటితో కొత్త మోడల్ కట్టవద్దు.

హుయి జౌ, ట్రెవర్ హేస్టీ 2005లో ప్రతిపాదించిన ఎలాస్టిక్ నెట్ రెండు పెనాల్టీలనూ కలుపుతుంది కాబట్టి కవల అంశాలను చాలావరకు కలిపే ఉంచుతుంది. ఆ మేరకు మంచిదే. అయితే లాంబ్డాతో పాటు రెండు పెనాల్టీల పాళ్లను తెలిపే ఆల్ఫాను కూడా ఎంచుకోవలసి వస్తుంది. ఒక్క లాంబ్డాను నిలకడగా తేల్చలేని 70 మంది డేటా, రెండింటిని తేలుస్తుందనుకోవడం అత్యాశ. వాడాలనే అనుకుంటే ఆల్ఫాను 0.5 దగ్గరో, రిడ్జ్ వైపు కొంత మొగ్గి 0.2 దగ్గరో ముందే నిర్ణయించి ప్రోటోకాల్‌లో రాయండి.

చివరి ప్రశ్నకు జవాబు, ఇవ్వకూడదు. లాసో ఆ అంశాలను ఎంచినది అవి ఈ డేటాలో బలంగా కనిపించాయనే. అదే డేటాలో వాటి పీ విలువ చిన్నదిగా రావడంలో వింతేముంది? ఎంపిక జరగనట్టు లెక్కకట్టిన పీ విలువకు అర్థం లేదు. పైగా పెనాల్టీ తగ్గించిన గుణకాలను మామూలు లాజిస్టిక్ మళ్ళీ ఉబ్బిస్తుంది.

ప్రశ్న: ఒకే డేటాకు పైథాన్‌లో ఒక గుణకం, ఆర్‌లో ఇంకొకటి వస్తోంది. రెండింటిలోనూ ‘లాజిస్టిక్ రిగ్రెషన్’ అనే వాడాను. తప్పెక్కడ?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మంచిర్యాల

జవాబు: తప్పు లేదు, డిఫాల్ట్‌లు వేరు. ఆర్‌లోని జీఎల్ఎం పెనాల్టీ వేయదు. పైథాన్‌లోని సైకిట్‌లెర్న్ మీరు అడగకపోయినా రిడ్జ్ తరహా పెనాల్టీ వేస్తుంది. దాని సి విలువ డిఫాల్ట్‌గా 1. ఆ ‘సి’ లాంబ్డాకు తలకిందులు, పెంచితే పెనాల్టీ తగ్గుతుంది. ఆర్‌లోని జీఎల్ఎంనెట్‌తో పోల్చాలంటే లాంబ్డాను ఒకటిని సి తోనూ రోగుల సంఖ్యతోనూ భాగించిన విలువగా తీసుకోవాలి. 90 మందికి సి 1 అయితే లాంబ్డా దాదాపు 0.011. ఇంకొక మెలిక, జీఎల్ఎంనెట్ అంశాలన్నింటినీ తానే ఒకే కొలతకు తెస్తుంది, సైకిట్‌లెర్న్ తేదు. ఆలస్యాన్ని గంటల్లో రాస్తే దాని గుణకం నిమిషాల్లో రాసినప్పటి గుణకానికి 60 రెట్లు, వర్గం చేస్తే 3,600 రెట్లు పెనాల్టీ. కొలమానం మార్చినంత మాత్రాన వైద్య నిర్ధారణ మారకూడదు కదా, కనుక ముందు ప్రామాణీకరించి తర్వాతే పెనాల్టీ వేయండి. థీసిస్‌లో సాఫ్ట్‌వేర్ పేరొక్కటే రాసి ఊరుకోకుండా పెనాల్టీ రకం, దాని విలువ, అది ఎలా ఎంచారు అన్నవి కూడా రాయాలి.

ప్రశ్న: సికిల్ సెల్ వ్యాధి ఉన్న గర్భిణులు 48 మంది వివరాలు మా దగ్గర ఉన్నాయి, వారిలో 9 మందికి తీవ్రమైన సమస్యలు వచ్చాయి. ఒక అంశానికి పది సంఘటనలుండాలనే నియమం ప్రకారం మాకు ఒక్క అంశం కూడా కుదరదు. పెనాల్టీ వాడితే ఆరు అంశాలతో మోడల్ కట్టవచ్చునని ఒక వర్క్‌షాప్‌లో చెప్పారు. నిజమేనా?
– వైద్యాధికారి, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: కట్టవచ్చు, వాడకూడదు. పదికి ఒకటి అనే నియమం ప్రధానంగా 1996లో వచ్చిన ఒక సిమ్యులేషన్ అధ్యయనం నుంచి ప్రచారమైంది. దానికి గట్టి ఆధారం లేదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. దాని స్థానంలో రిచర్డ్ రైలీ, సహచరులు ఇచ్చిన సూత్రాలతో మీ డేటాను చూద్దాం. మోడల్ కాక్స్–స్నెల్ ఆర్ స్క్వేర్ (మోడల్ ఎంత వివరిస్తుందో చూపే కొలత) 0.15 ఉంటుందనుకొని, గుణకాలను పది శాతానికి మించి తగ్గించవలసిన అవసరం రాకూడదనుకుంటే ఆరు అంశాలకు 330 మంది కావాలి. ఒక్క అంశానికే 55 మంది కావాలి, మీ దగ్గర 48 మందే ఉన్నారు. అంశాల మాట అటుంచితే, మొత్తం మీద ఎంత శాతానికి సమస్యలు వస్తాయో చెప్పడానికైనా, 48లో 9కి విల్సన్ పద్ధతి ఇచ్చే ఇంటర్వెల్ 10 శాతం నుంచి 32 శాతం దాకా ఉంది.

పెనాల్టీ ఈ లోటును పూడుస్తుందన్నది ఆకర్షణీయమైన ఆలోచన. కాని బెన్ వాన్ కాల్‌స్టర్ బృందం 2020లోనూ, రైలీ బృందం 2021లోనూ ప్రచురించిన అధ్యయనాలు వేరే సంగతి చెప్పాయి. చాలా శాంపిళ్ల సగటు తీస్తే పెనాల్టీ మేలు చేస్తుంది, కాని ఒక్క చిన్న శాంపిల్‌లో లాంబ్డా అంచనానే ఎంతో అస్థిరంగా ఉంటుంది. గుణకాలను బాగా తగ్గించవలసిన డేటాలోనే తక్కువగా తగ్గించే ప్రమాదం ఉంది. పెనాల్టీ ఎంత వేయాలో కూడా అదే 48 మంది చెప్పాలి కదా. ఆ తొమ్మిది సంఘటనల్లో ఉన్న సమాచారం పెనాల్టీ వేసినంత మాత్రాన పెరగదు.

కనుక ఈ 48 మందితో ముప్పు మోడల్ వద్దు. వివరాలను పట్టికలుగా, ఇంటర్వెల్స్‌తో ఇవ్వండి. హిమోగ్లోబిన్ వంటి ఒక్క అంశాన్ని ముందే ఎంచుకొని దాని ఆడ్స్ రేషియోను ఫర్త్ పద్ధతిలో, ప్రొఫైల్ ఇంటర్వెల్‌తో ఇస్తే అభ్యంతరం లేదు. అది ఎంత వెడల్పుగా వచ్చినా అలాగే ప్రచురించండి. ఇతర రాష్ట్రాల గిరిజన ప్రాంతాల నుంచి అదే అంశంపై నమ్మదగిన ఆడ్స్ రేషియోలు ప్రచురితమై ఉంటే, వాటిని బేసియన్ పద్ధతిలో ముందస్తు సమాచారంగా వాడవచ్చు. అదీ ఒక రకమైన పెనాల్టీయే, కాకపోతే దాని బరువు మీ 48 మంది నుంచి కాక బయటి నుంచి వస్తుంది. ఈలోగా ఉట్నూరు, ఆసిఫాబాద్, మంచిర్యాల ఆసుపత్రులలోని మీ సహచరులతో మాట్లాడి, హిమోగ్లోబిన్ ఏ నెలలో కొలవాలి, ‘తీవ్రమైన సమస్య’ అంటే ఏవేవి అన్నవి ఒకే ఫారంలో రాసుకొని, రాబోయే రెండు మూడేళ్లు అందరూ అదే ఫారం నింపేలా చూడండి.